ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ, పైగా రక్తస్రావం భయం: ఇంటివాళ్లు ఏం చేయాలి

నేను తిరుపతిలో ఐసీయూ నర్సుని. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అనగానే ఇంటివాళ్లు ‘కరిగించే సూది వేసెయ్యండి మేడం’ అంటారు. అది అందరికీ వేసే సూది కాదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి వచ్చినప్పుడే ముఖ్యంగా వాడతారు, ఎందుకంటే దానివల్ల మెదడులో రక్తస్రావం అయ్యే ముప్పు ఉంది. ఎక్కువమందికి ఇచ్చేది రక్తం పలచబడే మందు. అది గడ్డను పెరగనివ్వదు, కొత్తది కట్టనివ్వదు. ఉన్నదాన్ని ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది.

ఈమధ్య ఆపరేషన్ అయిందా, తలకు దెబ్బ తగిలిందా, పక్షవాతం, అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నాయా, ప్లేట్‌లెట్లు తగ్గాయా, ఇవన్నీ డాక్టర్ అడిగేలోపే చెప్పండి, రక్తస్రావం ముప్పు ఎంతో వీటిని బట్టే తెలుస్తుంది. మోకాళ్ల నొప్పికి షాపులో కొని మింగే డైక్లోఫెనాక్ సంగతి చాలామంది చెప్పరు, అదీ ఒక మందేనా అనుకుంటారు. ఇంట్లో ఉన్న మాత్రల కవరు మొత్తం తెచ్చి చూపించండి.

రక్తస్రావం భయం ఉందని వైద్యం ఆగదు, దారి మారుతుందంతే. అలాంటప్పుడు తరచుగా హెపారిన్ అనే రక్తం పలచబడే మందును సిరంజి పంపుతో నరానికి సన్నగా ఎక్కిస్తాం. ఆపితే కొన్ని గంటల్లోనే దాని ప్రభావం పోతుంది, విరుగుడుగా ప్రొటమిన్ కూడా ఉంది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఏపీటీటీ పరీక్షకు ఆరేసి గంటలకోసారి రక్తం తీస్తుంటే విసుక్కోకండి. పంపు వేగం పెంచాలో తగ్గించాలో ఆ రిపోర్టే చెబుతుంది. రక్తం కారుతూ ఏ మందూ ఇవ్వలేకపోతే, కాళ్లలోని గడ్డలు పైకి రాకుండా పొట్టలోని పెద్ద సిరలో ఫిల్టర్ పెడతారు. దాన్ని మళ్లీ ఎప్పుడు తీస్తారో డిశ్చార్జి రోజే రాయించుకోండి, తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇంటికెళ్లాక మామూలుగా కనీసం 3 నెలలు రక్తం పలచబడే మాత్రలు. అపిక్సబాన్ అయితే సాధారణంగా మొదటి 7 రోజులు 10 మి.గ్రా. చొప్పున, ఆ తర్వాత 5 మి.గ్రా. చొప్పున, రెండూ రోజుకు రెండుసార్లు. మీ చీటీలో వేరేలా రాస్తే అదే పాటించండి. వార్ఫరిన్ అయితే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) ఎక్కువమందికి 2-3 మధ్య ఉండాలి. ఆకుకూరలు వార్ఫరిన్ పనిని తగ్గిస్తాయి, అలాగని గోంగూర, తోటకూర మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినండి. పళ్లు తోముకుంటుంటే కాస్త రక్తం కనిపించిందని మాత్ర మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, ఎన్నడూ లేనంత తలనొప్పి, మాట తడబడటం కనిపిస్తే మాత్రం తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే 108.

తలనీలాల మొక్కు గురించి మా ఊళ్లో తప్పకుండా అడుగుతారు. తొలి నెలల్లో వాయిదా వేసుకోమనే చెబుతాను, అలిపిరి మెట్లు అసలే వద్దు. వెళ్లక తప్పదంటే డాక్టర్‌ని అడిగి బస్సులో వెళ్లండి, గుండుకు బదులు మూడు కత్తెర్లు ఇవ్వండి. గుండే చేయించుకుని కత్తి గీరుకుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడకండి. అప్పటికీ ఆగకపోతే కొండ మీదే అశ్విని ఆసుపత్రి ఉంది.