పిలకాయల బడి సంగతి నాన్నలు పట్టించుకోవాలంటే ఏం చేయాలి?

మీ వాడు ఎన్నో తరగతి అంటే టక్కున చెప్తాం. క్లాసు టీచర్ పేరేంది అంటే మాత్రం వంటింటి వైపు చూస్తాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా ఇళ్లల్లో ఇదే వరస, ఫీజు కట్టేది, బ్యాగు కొనేది నాన్న, మిగతాదంతా అమ్మ. రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లకి, చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లకి, పొగాకు బేళ్లేసుకుని టంగుటూరు వేలానికి పోయేవాళ్లకి తీరిక ఉండదన్నది నిజమే. కానీ కింద చెప్పేవాటికి రోజుకు పావుగంట చాలు, పెద్ద చదువు అసలు అక్కర్లేదు.

1. ఫిర్యాదేమీ లేనప్పుడే టీచర్ని కలవండి

పొద్దున బెల్లు కొట్టే టైములో వద్దు, సాయంత్రం బడి వదిలాక పోండి. "మా వాడు ఎట్టా చదువుతున్నాడు సార్?" అంటే "బాగానే చదువుతున్నాడండీ" అనే జవాబే వస్తుంది, దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. తెలుగు వాచకం తడుముకోకుండా చదువుతున్నాడా, అప్పు తెచ్చుకునే తీసివేతలు వస్తున్నాయా, ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, ఇట్టా విడివిడిగా అడగండి. ఇంకోటి, "కళ్లు తప్ప ఒళ్లంతా వాయించండి సార్" అనే పాత మాట మానేయండి. పిల్లల్ని కొట్టడం 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం నేరుగా నిషేధం, పైగా ఆ మాట పక్కనే నిలబడి వాడు వింటుంటాడు.

2. రోజూ ఒకే టైములో పావుగంట కూర్చోండి

నైట్ డ్యూటీ అయితే పొద్దున, పగలు పనయితే అన్నాలప్పుడు, ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. నోటుబుక్కులో మార్కులు కాదు, ఎర్ర ఇంకు ఎక్కడ పడిందో చూడండి. తర్వాత ఒక పేజీ పైకి చదివించండి. వేలు పెట్టి చదువుకుంటా పోతూ ఏ వత్తు దగ్గరో ఆగిపోతాడు, అప్పుడు మనకి నోరు ఆగదు, ఠక్కున అందించేస్తాం. అందించొద్దు. మనసులో ఐదు దాకా లెక్కపెట్టి గమ్మునుండండి, చాలాసార్లు వాడే కూడబలుక్కుంటాడు. మీకు చదవడం రాదా? చదివిన కథ మళ్లీ చెప్పమనండి, అర్థమైందో లేదో చెప్పేటప్పుడే తెలిసిపోతుంది.

3. మీ పనిలో లెక్కల్ని ఇంటికి తీసుకురండి

నాన్నలు బాగా చేయగలిగింది ఇదే. రొయ్యల కౌంటు సంగతే తీసుకోండి. 50 కౌంటు అంటే కేజీకి 50 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు. 100 కౌంటయితే 10 గ్రాములు. నంబరు పెరిగితే రొయ్య చిన్నదవుతుందేంది అని పిలకాయలు తప్పకుండా అడుగుతారు, అడగనీండి. నాలుగో వంతు కన్నా ఎనిమిదో వంతు పెద్దదనుకుని భిన్నాల్లో తప్పు చేసేది సరిగ్గా అక్కడే, ఎనిమిది పెద్ద అంకె కదా అని. రొయ్యల తూకం చూసిన పిల్లకి ఆ తికమక తొందరగా వదులుతుంది.

వరి పండించేవాళ్లు పుట్టి లెక్క చెప్పొచ్చు. నెల్లూరు వైపు పుట్టి వడ్లంటే 850 కిలోలు. 50 కిలోల బస్తాల్లో పోస్తే ఎన్ని బస్తాలు? పదిహేడు. పుట్టి ఇంత రేటయితే కిలో ఎంత పడింది? జవాబు తప్పయితే "ఇది కూడా రాదా" అనొద్దు, ఎట్టా వేశావో చెప్పు అనండి.

4. మీటింగ్‌కి మీరే పోండి

మన రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టారు. ఇట్టాంటి రోజు భార్యని పంపించి బయట బండి మీద కూర్చోవడం కాదు, లోపలికి పోండి. తల్లికి వందనం డబ్బులు తల్లి ఖాతాలో పడతాయి కాబట్టి బడి కూడా తల్లి పనే అని తీర్మానించుకున్నవాళ్లు ఉన్నారు మరి! ప్రభుత్వ బడి అయితే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టం. మరుగుదొడ్డికి నీళ్లు రాకపోతే అడగాల్సింది అక్కడే, టీ అంగడి దగ్గర కాదు.

అమెరికాలో ప్రభుత్వ విద్యా గణాంకాల కేంద్రం 1997లో తండ్రుల మీద ఒక రిపోర్టు ఇచ్చింది. వాళ్లు చూసింది నాలుగే పనులు: బడి మీటింగుకి రావడం, టీచర్‌తో మాట్లాడటం, క్లాసు కార్యక్రమానికి రావడం, బడికి సాయంగా ఏదన్నా పని చేయడం. ఇందులో మూడైనా చేసిన తండ్రుల పిల్లలు మంచి గ్రేడ్లు తెచ్చుకోవడం ఎక్కువగానూ, తరగతి తప్పడం తక్కువగానూ కనిపించింది. ఇంట్లో పాఠాలు చెప్పడం ఆ నాలుగింట్లో లేదు, గమనించండి.

5. ఊళ్లో ఉండని నాన్నలు

కనిగిరి, పామూరు వైపు నుంచి బెంగళూరు, హైదరాబాదు పనులకు పోయినవాళ్లు వీడియో కాల్‌లో "అన్నం తిన్నావా" తర్వాత ఇంకో ప్రశ్న కలపండి: ఇవాళ నోటుబుక్కులో ఏం రాశావో చూపించు. సముద్రంలో వేటకు పోయేవాళ్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. అంటే మొదటిరోజు చెయ్యి పట్టుకుని బడి దాకా పోవడానికి మీరు ఇంటి దగ్గరే ఉంటారు. కొత్త క్లాసు టీచర్ని ఆ రోజే పలకరించి, మీ ఫోన్ నంబరు కూడా రాయించి రండి.