టమాటాకి తాడు కడుతున్నారా, కాస్త వదులుగా

గాలివానల రోజులు దగ్గరపడుతున్నాయంటే నాకు ముందు గుర్తొచ్చేది టమాటా మొక్కలే. వంగలాగా దీనికి గట్టి కాండం ఉండదు, వదిలేస్తే నేల మీద పాకుతూ పోయే రకం. నిలబెట్టి పెంచాలన్న ముచ్చట మనది కాబట్టి పడకుండా చూసుకునే పని కూడా మనదే. చాలామంది మొక్క ఒరిగిపోయాక తాడు వెతుక్కుంటారు. నా తోటలో అయితే గాలికి విరిగిన కొమ్మల కన్నా, ఒరిగిన మొక్కని లేపి కట్టబోయి నేను విరగ్గొట్టినవే ఎక్కువ.

ముందు నా నిర్వాకం చెప్పేస్తాను. మొదటిసారి, ఊగకూడదని చెప్పి సన్నటి నైలాన్ దారంతో కాండాన్ని కర్రకి అతికించినట్టు బిగించి కట్టాను, చూడ్డానికి భలే నీట్‌గా ఉంది. కొన్ని వారాలకి పైభాగం వాడిపోవడం మొదలైంది, నీళ్లు చాలట్లేదేమో అనుకుని ఇంకా పోశాను, తీరా ఆకులు పక్కకి జరిపి చూస్తే కాండం లావెక్కి దారం దాని లోపలికి కోసుకుపోయి ఉంది. ఇవాళ పెన్సిలంత ఉన్న కాండం కాయలు కాసేనాటికి బొటనవేలంత అవుతుందన్న ఆలోచనే రాలేదు అప్పుడు.

కాబట్టి బిగువు కర్రకి, వదులు మొక్కకి. తాడుని ముందు కర్ర చుట్టూ రెండు చుట్లు తిప్పి గట్టిగా ముడెయ్యండి, అది జారకూడదు. తర్వాత రెండు కొసల్నీ ఒకదాని మీద ఒకటి మెలేసి, 8 అంకె ఆకారం వచ్చేలా కాండం చుట్టూ తెచ్చి కట్టండి. మధ్యలో ఆ మెలి ఉంటే కాండం కర్రకి రాసుకోదు. కాండానికీ తాడుకీ మధ్య మీ వేలు సులువుగా దూరాలి. జారుముడి మాత్రం మొక్క వైపు వద్దే వద్దు, బరువు పెరిగేకొద్దీ అది ఉచ్చులా దానంతటదే బిగుసుకుంటుంది. కట్టే చోటు కూడా చూసుకోండి, ఆకు కాడ కిందుగా కడితే తాడు జారకుండా ఆగుతుంది, పూగుత్తి కింద కడితే కాయల బరువు తాడు మీద పడి ఆ గుత్తి కాడే విరుగుతుంది.

తాడు సంగతికొస్తే, చేపల గాలానికి వాడే దారం, బైండింగ్ వైరు, కరెంటు తీగ ముక్కలు వీటిని దగ్గరకి రానివ్వకండి, సన్నగా ఉండి గాలికి ఊగినప్పుడల్లా కత్తిలా కోస్తాయి. పాత బనియన్లు చింపిన పేలికలు అన్నిటికన్నా మెత్తన. జనపనార పురికొస మంచిదే, పంట అయిపోయాక మొక్కతోపాటు కత్తిరించి కంపోస్టులో వేసేయొచ్చు, కాకపోతే తడికి చివికిపోతుంది, సరిగ్గా కాయల బరువు ఎక్కువున్న రోజుల్లోనే తెగుతుంది. ఇంకో విషయం, జనపనార, నూలు తాళ్లు తడిస్తే కుంచించుకుపోతాయి. ఎండలో చక్కగా సరిపోయిందనుకున్న కట్టు వాన పడగానే బిగుసుకునేది ఇందుకే. నైలాన్ వాడాలంటే లావుది, కాస్త వెడల్పుది వాడండి.

పైన అడ్డకర్రో ఇనప కమ్మీయో వేసి దాన్నుంచి తాడు వేలాడదీసి మొక్కని పాకిస్తారు చూడండి, ఎత్తు పెరిగే తీగ రకాలకి నాకు అదే ఇష్టం. 6 అడుగులు దాటి పెరిగే మొక్కకి పక్కన కర్ర పాతినా అది మధ్యలోకే వస్తుంది. పొట్టిగా, గుబురుగా 3, 4 అడుగుల దగ్గర ఆగిపోయే రకాలకి ఇంత హంగామా అక్కర్లేదు, విత్తనాల ప్యాకెట్ మీద ఏ రకమో రాసి ఉంటుంది, చూసుకోండి. పై నుంచి దింపే తాడు కింది కొసని చాలామంది మొక్క మొదట్లో బిగించి కట్టేస్తారు. అది తడిసి కుంచించుకుంటే, పైన అడ్డకర్ర గాలికి ఊగితే, మొక్కని వేళ్లతో సహా పైకి లాగుతుంది. కింది కొసని పక్కన ఒక మేకు పాతి దానికి కట్టండి, లేదా మొక్క మొదలు చుట్టూ బిగుసుకోని వదులు ఉచ్చు వెయ్యండి. తర్వాత మొక్క పెరిగేకొద్దీ తాడుని ఒకటి రెండు ఆకులకో చుట్టు చొప్పున, ఎప్పుడూ ఒకే వైపుకి తిప్పుకుంటూ పోవాలి. చిగురు దగ్గర చుట్టొద్దు, అది గాజుపుల్లలా పుటుక్కుమంటుంది. పైన 2, 3 అడుగుల తాడు మిగిల్చి, విప్పుకోగలిగే ముడి వేస్తే తర్వాత మొక్కని కొంచెం కిందికి దించుకోవచ్చు.

ఇక ఆ అడ్డకర్ర. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఏ పుల్ల వేసినా ఆగుతుంది. కాయలు నిండి, ఆకులన్నీ వానకి తడిసి, పైగా గాలి తోస్తున్నప్పుడు ఆగాలి కదా. కట్టడానికి ముందు రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగి చూడండి, కదిలిందంటే మార్చండి. నిలువు కర్రలైతే నాటేరోజే పాతడం మంచిది, తర్వాత పొడిస్తే వేళ్లు తెగుతాయి, కనీసం అడుగు లోతైనా దిగాలి. కుండీలో అంత మట్టి ఉండదు, అందుకని కర్ర పై కొసని గోడ కొక్కేనికో, పిట్టగోడ గ్రిల్లుకో ఇంకో తాడుతో కట్టండి, లేకపోతే గాలికి కుండీతో సహా బోర్లా పడుతుంది. దగ్గర్లో ఉంది కదా అని కరెంటు వైరుకో, గ్యాస్ పైపుకో కట్టకండి.

మొక్కని ముట్టుకునే వేళ కూడా ముఖ్యం. పొద్దున్నే కాండం నీటితో నిండి బిరుసుగా ఉంటుంది, వంచితే విరుగుతుంది. మధ్యాహ్నం దాటాక కొంచెం మెత్తబడుతుంది, అప్పుడు కట్టండి. ఆకులు తడిగా ఉంటే అసలు చెయ్యి పెట్టొద్దు, బాక్టీరియా మచ్చ తెగులు ఒక మొక్క నుంచి ఇంకోదానికి మన చేతులతోనే పాకుతుంది. వైరస్ తెగుళ్లు కొన్ని చేతులకీ కత్తెరకీ అంటుకుని వెళ్తాయి కాబట్టి సబ్బుతో కడుక్కున్నాకే మొదలుపెట్టండి, అనుమానంగా ఉన్న మొక్కని చివర్లో పట్టుకోండి. పోయినసారి తెగులొచ్చిన మొక్కకి కట్టిన తాడు దాచుకోకండి, పారేయండి. కర్రలైతే ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అందులో నానబెట్టి కడిగి వాడుకోవచ్చు, గ్లవ్స్ వేసుకుని, ఆరుబయటే. ఎలాగూ కట్టేటప్పుడు నేలకి తగిలే ఆకులు కూడా తీసేయండి, మట్టి చింది తెగులు ఎక్కేది వాటి మీదుగానే.

మన ఒంటి సంగతి ఎవరూ చెప్పరు. వంగి కలుపు తీస్తుంటే కర్ర కొన కంట్లో గుచ్చుకునేంత పనైంది నాకోసారి, అప్పట్నుంచి ప్రతి కర్ర కొనకీ పాత ప్లాస్టిక్ సీసా బోర్లించి పెడుతున్నాను. నడిచే దారికి అడ్డంగా, మెడ ఎత్తులో తాడు లాగాల్సి వస్తే దానికి రంగు గుడ్డ కట్టండి, సాయంత్రం చీకట్లో అది కనపడదు, పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తారు. తెగిన నైలాన్ ముక్కలు కింద వదలొద్దు, పిట్టల కాళ్లకి చుట్టుకుంటాయి.

పెద్ద గాలి వస్తుందని తెలిస్తే ముందురోజు పండబోతున్న కాయలు కోసేయండి, కొంచెం రంగు తిరిగినవి ఇంట్లోనే పండుతాయి, మొక్కకి బరువూ తగ్గుతుంది. వాన వెలిసి ఆకులు ఆరాక ప్రతి కట్టులోనూ వేలు పెట్టి చూడండి. కాండం సగం విరిగి ఇంకా తొక్క పట్టుకునే ఉంటే, సరిగ్గా కలిపి రెండు వైపులా పుల్లలు పెట్టి టేప్ చుట్టండి, చాలాసార్లు అతుక్కుంటుంది. పూర్తిగా తెగిన కొమ్మనైనా పారేయొద్దు, కింది ఆకులు తీసేసి నీళ్ల గ్లాసులో పెడితే ఒకటి రెండు వారాల్లో వేళ్లు వస్తాయి. దాన్ని కుండీలో నాటుకోండి, ఈసారి కర్ర మాత్రం ఆరోజే పాతండి.