ఇళ్ల మీద, ఊళ్ల మీద వ్యాసాలు – 3వ పాఠం: ఎడిటర్‌కు ఏమని రాయాలి?

గత పాఠంలో కాలనీకి వెళ్లి నోట్సు రాసుకోవడం చూశాం. ఇప్పుడా నోట్సు పక్కన పెట్టుకుని, వ్యాసం మొదలుపెట్టే ముందే ఎడిటర్‌కు ఒక చిన్న ప్రతిపాదన పంపాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రాయలేక కాదు, ఏం చెప్పాలో తేల్చుకోలేక.

ముందు పనికిరాని ప్రతిపాదన ఎలా ఉంటుందో చూడండి: "శ్రీకాకుళం జిల్లాలో పేదల ఇళ్ల సమస్యలపై సమగ్ర వ్యాసం రాయాలనుకుంటున్నాను. అవకాశం ఇవ్వగలరు." ఇందులో విషయం ఉంది గానీ కథ లేదు. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఎక్కడ ఆగింది, ఇప్పుడే ఎందుకు రాయాలి అనే నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. పత్రిక డెస్కులో కూర్చున్న మనిషికి రోజుకు ఇలాంటివి ఎన్నో వస్తాయి.

ఇప్పుడు ఇది చదవండి. అభ్యాసం కోసం ఊహించి రాసిందే. మీ ఊరి వివరాలు మీరు పెట్టుకోవాలి.

"నమస్తే సర్. మా మండలంలో ఊరికి మూడు కిలోమీటర్ల అవతల వేసిన లేఅవుట్‌లో నలభై ఇళ్లకు స్లాబ్ పడింది. కాపురం ఉంటున్నది ఆరు కుటుంబాలే. రికార్డుల్లో మాత్రం నలభై ఇళ్లూ పూర్తయినట్టే. మిగతావాళ్లు ఎందుకు రాలేదో పన్నెండు కుటుంబాలను అడిగాను. అందరూ మొదట చెప్పింది నీళ్ల గురించే. ఇంటి సాయం బిల్లులు పడిన తేదీలున్న పాస్‌బుక్ కాపీలు నలుగురివి, నీటి పనుల మీద సమాచార హక్కు కింద వచ్చిన జవాబు నా దగ్గర ఉన్నాయి. హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి వివరణ తీసుకుంటాను. 700 పదాలు, నాలుగు ఫొటోలు, వచ్చే శుక్రవారానికి ఇస్తాను. సంక్రాంతికి ముందు వేస్తే మంచిది. హైదరాబాద్, చెన్నై పనులకు వెళ్లిన ఇంటి యజమానులు అప్పుడు ఊళ్లో ఉంటారు."

ఈ ఉత్తరానికి బలమంతా ఒక్క చోటే ఉంది. కాగితం మీద 'పూర్తి', కళ్లెదుట తాళం. ఇళ్ల మీద రాసేవాళ్లు ముందు ఈ తేడాను వెతకాలి. స్లాబ్ పడ్డాక కాగితం మీద లెక్క పూర్తయినట్టు కనిపించొచ్చు. కానీ మనుషులు కాపురం పెట్టాలంటే కుళాయి, కాలువ, కరెంటు స్తంభం, వానాకాలంలో ఆటో దిగబడని రోడ్డు కావాలి. అవి లేని చోట ఒక తల్లి "నీల్లు నేకండా కాపరం ఎలా సేత్తాం బాబూ" అంటే ఆ మాటను అలాగే వేయండి. ఆ ఒక్క వాక్యం ముందు మన పేరా వ్యాఖ్యానం నిలవదు. కానీ ఆమె యాస నవ్వులాటగా కనిపించేలా మాత్రం రాయొద్దు. పేరు వేయొచ్చా అని అడిగే వేయాలి. పాస్‌బుక్ ఫొటోలో ఖాతా నంబరు, ఆధార్ నంబరు కనిపించకూడదు.

కాగితాలు ఎలా వస్తాయంటారా? సమాచార హక్కు దరఖాస్తుకు మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు. మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందుకే ప్రతిపాదన పంపడానికి నెల ముందే దరఖాస్తు పెట్టేయండి. "ఇళ్ల వివరాలు ఇవ్వండి" అని అడగొద్దు. ఫలానా లేఅవుట్‌లో ఎన్ని ఇళ్లు ఏ దశలో ఉన్నాయి, నీటి పనులకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని విడివిడిగా అడగండి.

లెక్కల్లో ఎక్కువగా తప్పు దొర్లేది పథకం పేరు దగ్గర. పీఎం ఆవాస్ యోజన గ్రామీణ కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి సాయం రూ.1.20 లక్షలు. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. పట్టణ పథకం తొలి దశలో సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం ఇచ్చింది రూ.1.50 లక్షలు. పల్లెలో ఉంది కదా అని ప్రతి ఇంటినీ గ్రామీణ పథకంలో వేసేయకండి. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి వచ్చిన పల్లెల్లో పట్టణ పథకం కిందా ఇళ్లు మంజూరయ్యాయి. లబ్ధిదారు మంజూరు పత్రం చూశాకే రాయండి.

స్థలం లెక్క కూడా పాఠకుడికి కళ్లకు కట్టాలి. 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు ఇచ్చారు. సెంటున్నర అంటే 72.6 గజాలు. అంతలో ఇల్లు కట్టాక ఆవును ఎక్కడ కట్టేయాలి, ధాన్యం బస్తాలు ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్న అడిగితే మంచి వ్యాసం దానంతటదే బయటికి వస్తుంది.

మన ఉత్తరాంధ్రలో కథలకు కొదవ లేదు. భోగాపురం విమానాశ్రయం కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు, హిరమండలం రిజర్వాయరు నిర్వాసితులు కొత్త కాలనీల్లో ఎలా ఉన్నారో ఏళ్ల తరబడి వెంటపడి రాయాల్సిన విషయాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను మీద ఏటా అదే తేదీకి వ్యాసాలు వస్తాయి. అడగడానికి కొత్త ప్రశ్న ఉంటేనే అందులో చేరండి. ఉదాహరణకు, ఆ రోజు పైకప్పు ఎగిరిన ఇంటికి ఇప్పుడున్న పైకప్పు ఏది, ఎవరి డబ్బుతో వేశారు?

ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపొద్దు. వారం దాకా జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేసి, అప్పటికీ రాకపోతే వేరే చోటికి పంపుతున్నట్టు చెప్పి పంపండి.

ఈ వారం పని: మీకు దగ్గర్లోని ఒక కాలనీకి పొద్దున్న ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి వెళ్లండి. ఎన్ని ఇళ్లలో వెలుతురు ఉందో లెక్కపెట్టి, గ్రామ సచివాలయంలో అడిగిన లెక్కతో పోల్చి, పది వాక్యాలు మించకుండా ప్రతిపాదన రాయండి. 4వ పాఠంలో దాని నుంచే మొదటి పేరా రాద్దాం.