ఎక్స్‌క్లిప్‌తో కాపీ చేసిన ఫైలు పేస్ట్ కాకపోతే: నా అనుభవం

లినక్స్ టెర్మినల్లో ఫైలును ఎక్స్‌క్లిప్‌కి (టెర్మినల్ నుంచే టెక్స్ట్ కాపీ చేసే చిన్న ప్రోగ్రామ్‌కి) పంపితే ఎర్రర్ ఏమీ రాదు, కానీ బ్రౌజర్‌లో కంట్రోల్ వి నొక్కితే పాత టెక్స్టే పడుతుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, టెర్మినల్ మార్చడం, రీస్టార్ట్ చేయడం, వేటివల్లా ఫలితం లేదు.

ముందు మౌస్ మధ్య బటన్ నొక్కి చూశాను. ఫైలు మొత్తం వచ్చిపడింది! అంటే కాపీ అవుతోంది, వేరే చోటికి. లినక్స్‌లో విండోలను చూపే ఎక్స్ విండో వ్యవస్థలో (ఎక్స్11) ప్రైమరీ, క్లిప్‌బోర్డ్ అని వేర్వేరు సెలెక్షన్లు, అంటే కాపీ చేసింది ఉండే చోట్లు, ఉంటాయి. ఎక్స్‌క్లిప్ ఏమీ చెప్పకపోతే ప్రైమరీలో పెడుతుంది. కంట్రోల్ వి చూసేది క్లిప్‌బోర్డ్‌ని.

అందుకే ఎక్స్‌క్లిప్ పేరు తర్వాత ఒక హైఫన్, దానికి ఆనుకుని సెలెక్షన్, ఖాళీ వదిలి క్లిప్‌బోర్డ్ అని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో రాసి, ఆపైన లెస్‌దేన్ గుర్తు, ఫైలు పేరు ఇచ్చాను. వెంటనే పేస్ట్ అయింది. తర్వాత అదే ఆప్షన్‌కి హైఫన్ ఓ జోడించి, లోపల ఏముందో టెర్మినల్లోనే సరిచూసుకున్నాను. ఈ తనిఖీ మాత్రం తప్పక చేయండి, చాలా సమయం కలిసొస్తుంది. చివరగా మొత్తం కమాండ్‌ని బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైలులో) ఏలియాస్‌గా, అంటే పొట్టి పేరుగా, పెట్టాను.

నాది ఎక్స్11 సెషన్. ఎక్స్11 బదులు వేలాండ్ అనే కొత్త వ్యవస్థ వాడేవాళ్లకు డబ్ల్యూఎల్-కాపీ అనే ప్రోగ్రామ్ సరైన దారి. ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతితో) వేరే మెషీన్ మీద ఉంటే ఎక్స్‌క్లిప్ ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను.