వరసలు, ర్యాంకులు: డేటా సఫిషియెన్సీ – 4వ పాఠం

డేటా సఫిషియెన్సీ అంటే జవాబు కాదు, ఇచ్చిన స్టేట్‌మెంట్లలో ఏవి జవాబు తేల్చడానికి చాలతాయో చెప్పమనే ప్రశ్న. పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క ముందు తేల్చేద్దాం. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా వెళ్ళే మెట్రో రెడ్ లైన్‌లో మొత్తం ఎన్ని స్టేషన్లు? ఒకటో స్టేట్‌మెంట్: మియాపూర్ వైపు నుంచి అమీర్‌పేట 11వ స్టేషన్. రెండోది: ఎల్బీ నగర్ వైపు నుంచి అది 17వ స్టేషన్.

రెండూ కలిపితే 11 + 17 – 1 = 27. అమీర్‌పేటను రెండు వైపుల నుంచీ లెక్కపెట్టాం కాబట్టి ఒకటి తీసేశాం. ఇది అందరికీ వచ్చే ఉంటుంది. ఇబ్బందల్లా రోజూ ఆ రైలెక్కే వాళ్ళకే. 27 స్టేషన్లని వాళ్ళకి ముందే తెలుసు. ఒకటో స్టేట్‌మెంట్ చదవగానే బుర్ర మిగతాది పూరించేసి "ఇదొక్కటే చాలు" అంటుంది. పేపర్లో లేనిది మీకు తెలియదు, అంతే. రెండో స్టేట్‌మెంట్ చదివేటప్పుడు ఒకటోది కూడా తెలియనట్టే ఉండాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. నేనైతే ఒకటోదాన్ని బొటనవేలితో మూసి రెండోది చదివేవాణ్ణి. కంప్యూటర్ పరీక్షలో స్క్రీన్ మీద వేలు పెట్టలేం గనక, రఫ్ పేపర్ మీద రెండిటికీ వేరువేరు గడులు గీసుకోండి.

ఆప్షన్లు మళ్ళీ ఒకసారి: ఒకటోది ఒక్కటే చాలు, రెండోది ఒక్కటే చాలు, రెండిట్లో ఏదైనా చాలు, రెండూ కలిపినా చాలవు, రెండూ కలిపితేనే చాలు. వీటి వరస పేపర్‌ని బట్టి మారుతుంది కాబట్టి అంకెలు బట్టీ పట్టకండి.

ఇక అసలు పాఠం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు ముందు పొద్దున్నే క్యూ ఉందనుకోండి. అందులో మొత్తం ఎంతమంది?

ఒకటి: రవి ముందు నుంచి 12వవాడు, సీత వెనక నుంచి 9వది.
రెండు: రవికీ సీతకీ మధ్య సరిగ్గా నలుగురున్నారు.

విడివిడిగా చాలవని చూడగానే తెలుస్తుంది. కలిపితే? చాలామంది 12 + 4 + 9 = 25 అని వేసేసి, "రెండూ కలిపితేనే చాలు" అని పెట్టి ముందుకెళ్ళిపోతారు. పరీక్ష పెట్టేవాడు కోరుకునేదీ అదే. రవి ముందు, సీత వెనక అని ఎవరు చెప్పారు? సీతే ముందుందనుకుందాం. రవి 12వ చోట ఉన్నాడు, మధ్యలో నలుగురు, అంటే సీత ముందు నుంచి 7వది. వెనక నుంచి 9వది. 7 + 9 – 1 = 15. పదిహేను మంది క్యూలో రవి 12వ చోట హాయిగా నిలబడగలడు. అంటే 25 కావచ్చు, 15 కూడా కావచ్చు. రెండు జవాబులొచ్చాయి కాబట్టి, రెండూ కలిపినా చాలవు.

ఇక్కడితో ఆగితే ఇంకో గోతిలో పడతారు. మనుషులు ఇద్దరైతే ఎప్పుడూ చాలదని ఒక సూత్రం రాసేసుకుంటారు. సీత వెనక నుంచి 3వది అని మార్చి చూడండి. మామూలుగా వేస్తే 12 + 4 + 3 = 19. తిరగేస్తే సీత ముందు నుంచి 7వది, వెనక నుంచి 3వది, మొత్తం 9 మంది. తొమ్మిది మంది క్యూలో 12వ చోట రవి ఎలా నిలబడతాడు? కుదరదు. మిగిలింది 19 ఒక్కటే. ఈసారి రెండూ కలిపితే చాలు. కాబట్టి సూత్రం వెతక్కండి. తిరగేసి చూడండి, వచ్చిన మొత్తంలో పెద్ద స్థానం పడుతుందో లేదో చూడండి.

పొడవు, పొట్టి లెక్కల్లో తంటా వేరు. లత, మధు, నజీర్, పద్మ, రాజు అని ఐదుగురు. అందరికంటే పొడవెవరు?

ఒకటి: లత మధు కంటే, నజీర్ కంటే పొడవు, రాజు కంటే పొట్టి.
రెండు: పద్మ మధు కంటే పొడవు, రాజు కంటే పొట్టి.

ఒకటోదాంట్లో పద్మ ఊసే లేదు. రెండోదాంట్లో లత, నజీర్ లేరు. కలిపితే రాజు అందరికంటే పొడవు, చాలు. కానీ కొందరు అక్కడ ఆగరు. పద్మ ఎక్కడ, నజీర్ ఎక్కడ అని ఐదుగురినీ వరసలో పెట్టబోతారు, అది కుదరక "చాలవు" అని పెట్టేస్తారు. మనల్ని అడిగింది పొడవైనవాళ్ళ గురించే. అదే స్టేట్‌మెంట్లతో "రెండో పొడవెవరు?" అంటే మాత్రం లతో పద్మో తేలదు, నిజంగానే చాలవు. "రాజు కంటే లత పొడవా?" అంటే ఒకటోది ఒక్కటే చాలు. జవాబు "కాదు" అయినా అదీ జవాబే.

బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్ రీజనింగ్‌లో 20 నిమిషాలకు 35 ప్రశ్నలు, తప్పుకి పావు వంతు కోత. ఒక్కోదానికి 34 సెకన్లు. టెన్షన్‌లో ముందు వదిలేసేది ఈ తిరగేసి చూడడమే.

ఇంటిపని: క్యూలో మొత్తం ఎంతమంది? ఒకటి: సలీం ముందు నుంచి 8వవాడు, అనిత వెనక నుంచి 6వది. రెండు: వాళ్ళిద్దరి మధ్య ఏడుగురున్నారు. ఇది తేలాక, ఏడుని ఒక్కొక్కటిగా తగ్గిస్తూ వెళ్ళండి. ఏ అంకె దగ్గర మొదటిసారి రెండు జవాబులొస్తాయో రాసి ఉంచుకోండి, 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.