ఊరిడిచి పోయినోళ్లను వెతకాలంటే: పేరు కంటే ముందు ఇల్లు పట్టుకోండి

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అనే మాట ఉత్తర తెలంగాణలో ఊరికే పుట్టలేదు. వరంగల్, కరీంనగర్ దిక్కు ఏ ఊరికి పోయినా తాళం పడ్డ ఇళ్లు కనిపిస్తాయి. సింగరేణికి పోయినవాళ్లున్నారు. భీవండి, షోలాపూర్, సూరత్ మగ్గాలకు పోయినవాళ్లున్నారు. మానేరు డ్యాం నీళ్ల కింద ఊరికి ఊరే పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వీళ్ల ఆచూకీ కోసం చాలామంది ముందుగా వాట్సాప్ గ్రూపులో పేరు పెడతారు. దానితో ఫలితం తక్కువ. ఒక్క ఊళ్లోనే కొమురయ్యలు నలుగురుంటారు. తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్లలో తరం కూడా తేలదు. అందుకే పేరు పక్కన పెట్టి ఇల్లు పట్టుకోవాలి.

ముందు ఊరి పటం గీయండి. పెద్ద చార్టు, పెన్సిలు, రబ్బరు చాలు. పెన్ను వాడొద్దు, చూసిన ప్రతి పెద్దమనిషీ రెండిళ్లు అటూ ఇటూ జరుపుతాడు. నడుమ బొడ్రాయి (ఊరి నడిబొడ్డున పాతిన రాయి) పెట్టి, దాని నుంచి కచ్చీరు (ఊరి పంచాయతీ జరిగే చోటు), పీర్ల కొట్టం (మొహర్రం పీర్లను ఉంచే చోటు), చేదబాయి, బడి, చెరువు కట్ట గుర్తు పెట్టండి. ఆ తర్వాత ఒక్కో వాడలో ఇళ్లు. ఏ కాలం నాటి ఊరు గీస్తున్నారో మొదలే తేల్చుకోవాలి. లేకపోతే 1970 నాటి పెంకుటిల్లు, 1990 నాటి స్లాబు ఒకే జాగాలో పడి లెక్క చెడిపోతుంది.

ముసలివాళ్లను సంవత్సరం అడిగితే తోచింది చెప్తారు. అందరికీ గుర్తుండే సంగతి పక్కన పెట్టి అడగండి: రజాకార్ల కాలం ముగిసిన 1948, ముల్కీ లొల్లి (తెలంగాణ ఉద్యమం) నడిచిన 1969, రెండు రూపాయల బియ్యం వచ్చిన 1983, తాలూకాలు పోయి మండలాలు వచ్చిన 1985. 'దానికి ముందా, తర్వాతా' అంటే సరిగ్గా చెప్తారు.

అడిగే తీరు ఇలా ఉండాలి: "అవ్వా, మీ దర్వాజల నిలవడితే కుడిచెయ్యి దిక్కు ఎవరిల్లుండె? వాళ్లను ఊళ్లె ఏమని పిలుద్దురు? బిడ్డను ఏ ఊరికిచ్చిండ్రు?" ఈ మూడో ప్రశ్న ఎన్నడూ మరవొద్దు. ఇల్లు అమ్ముకుని పోయినవాళ్లు కూడా పక్క ఊరికిచ్చిన ఆడబిడ్డను విడిచిపెట్టరు. ఆమె దగ్గర నంబరు ఉంటుంది. మగవాళ్లు పొలం గెట్లు బాగా చెప్తారు, చుట్టరికం ఆడవాళ్ల దగ్గరే దొరుకుతుంది. కాబట్టి ఇంటి పెద్దాయనతో మాట్లాడి లేచి రావొద్దు, ఆమెను కూడా కూర్చోబెట్టండి.

ఒక్కో ఇంటికి నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించండి. ఇంటిపేరు, పిలుపు పేరు, చేసే పని, బిడ్డనిచ్చిన ఊరు, కోడలి తల్లిగారూరు, ఊరిడిచిన కాలం, ఈ ముచ్చట చెప్పిందెవరు. ఇద్దరు రెండు తీర్లు చెప్తే రెండూ రాయండి, ఒకటి కొట్టేయొద్దు. చాలాసార్లు ఇద్దరు చెప్పిందీ నిజమే, మనుషులే వేరు.

మాటలు రికార్డు చేస్తే ముందే అడిగి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. ఫోను ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాల మీద మనిషికి మూరెడు దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపకపోతే తర్వాత ఒక్క మాటా తేటగా వినబడదు. ముప్పావు గంట దాటించొద్దు. నాట్లప్పుడు, కోతలప్పుడు ఎవరినీ కూర్చోబెట్టలేరు, ఎండాకాలం మధ్యాహ్నాలు మేలు.

ఇక కాగితాలు. అన్నిటికంటే విలువైంది పాత పెండ్లిళ్ల చదివింపుల పుస్తకం. పొడుగు నోట్‌బుక్, మొదటి పేజీలో పసుపు మరక, లోపల వరుసగా పేరు, ఊరు, రూపాయలు. తిరిగి పెట్టాల్సిన కట్నం కాబట్టి ఇంటివాళ్లు దాన్ని పారేయరు, పెట్టె అడుగునో, అటక మీదో ఉంటుంది. ఒక్క పెండ్లి పుస్తకంలోనే చుట్టుపక్కల ఊళ్లన్నీ దొరుకుతాయి. 5 రూపాయలు రాసిన వరుసల నడుమ 51 కనిపిస్తే అక్కడ ఆగండి. దగ్గరి చుట్టమో, ప్రాణ స్నేహితుడో అయి ఉంటాడు. పుస్తకం అడిగి తీసుకుపోవద్దు, అక్కడే పేజీలన్నీ ఫోటో తీసుకోండి.

బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, చేరిన తేదీ, టీసీ తీసుకున్న తేదీ ఉంటాయి. ఊరిడిచిన కాలం తేల్చడానికి టీసీ తేదీని మించిన ఆధారం దొరకదు. భూమి ఉన్న ఇల్లయితే 1954–55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల రికార్డు) చూడాలి. పాత రికార్డు చాలాచోట్ల ఉర్దూలో ఉంటుంది కాబట్టి చదివే పెద్దమనిషిని వెంట పెట్టుకోండి. ఫసలీ సంవత్సరం (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) కనిపిస్తే 590 కలపండి: 1357 ఫసలీ అంటే 1947–48. జిల్లాల పేర్లతో కూడా తికమక వస్తుంది. 1953 దాకా ఖమ్మం వరంగల్ జిల్లాలోనే ఉండేది, జనగామ అప్పట్లో నల్లగొండ కింద ఉండేది. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక పాత చిరునామాలు చాలావరకు నేటి పటంతో కలవవు. మానుకోట అంటే మహబూబాబాద్, ఇందూరు అంటే నిజామాబాద్ అని గుర్తుంచుకోండి.

కాగితం దొరకని ఇళ్లకు నోటి లెక్క ఉంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు వచ్చి కథ చెప్పి, ఇంటిపేర్లు, గోత్రాలు చదివి త్యాగం (కథ చెప్పినందుకు ఇచ్చే కానుక) తీసుకుపోయేవాళ్లు. వాళ్లు ఇప్పుడు తక్కువయ్యారు. ఊరికి వచ్చినప్పుడు ఒక పూట కూర్చోబెట్టుకుని వినండి, ఇవ్వాల్సింది ఇచ్చి పంపండి.

మనుషులు ఒకచోట దొరికేది దసరాకు, బొడ్రాయి పండుగకు. ముఖ్యంగా బొడ్రాయి పండుగకు ఇంటి ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. పటాన్ని ఆ రోజు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి, దారం కట్టిన పెన్సిలు పక్కన వేలాడదీయండి. పొద్దుగూకే సరికి ఖాళీ ఇళ్లు సగం నిండుతాయి. మునిగిన ఊరికైతే నిలబడడానికి బొడ్రాయి ఉండదు. నిర్వాసితుల కాలనీల్లో అడగండి, ఒక వాడవాళ్లు ఒకే కాలనీకి వచ్చారని అనుకోవద్దు.

వాట్సాప్ ఇప్పుడు తెరవండి. సందేశం ఇట్లా: "చేదబాయి వాడ, పీర్ల కొట్టం వెనక ఇల్లు. మగ్గం పని. 1978 ప్రాంతంలో భీవండి పోయినారు. చిన్న బిడ్డను పరకాల దిక్కు ఇచ్చినారు." కులసంఘాల గ్రూపులు, ఆ నగరంలోని తెలుగువాళ్ల గ్రూపులు ముందు చూడండి. ఆధార్, ఇంటి నంబరు, బ్యాంకు వివరాలు ఎక్కడా పెట్టొద్దు. రెండు మూడు గుర్తులు కావాలనే దాచుకోండి: ఇంటి ముందున్న చెట్టు, ఎద్దు పేరు, సారుకు పిల్లలు పెట్టిన పేరు. 'మేమే' అని ఫోను వస్తే అవి అడగండి, అసలు మనిషి నవ్వుతూ చెప్తాడు.

అందరూ ఊరు గుర్తు చేసుకోవాలని అనుకోరు. అప్పు పడి పోయినవాళ్లున్నారు, కులం కాని పెండ్లి చేసుకుని పోయినవాళ్లున్నారు, పోలీసులకు, పార్టీకి (నక్సలైట్లకు) నడుమ నలిగి రాత్రికి రాత్రి పోయినవాళ్లున్నారు. అందుకే నంబరు దొరకగానే వెతుకుతున్నవాళ్లకు ఇచ్చేయొద్దు. ముందు అవతలివాళ్లకు మీరే ఫోన్ చేసి, ఎవరు అడుగుతున్నారో చెప్పి, ఇవ్వమంటేనే ఇవ్వండి. వద్దంటే వాళ్ల పేజీలో 'క్షేమం' అని రాసి, అడిగినవాళ్లకు కూడా ఆ ఒక్క మాటే చెప్పండి.