మోడల్ రైలు డీకోడర్‌కు ఒకటికి మించి ఎల్‌ఈడీలు కలిపే విధానం

మోడల్ రైలింజనులో అమర్చే డిజిటల్ డీకోడర్‌లో (పట్టాల గుండా వచ్చే ఆదేశాలను అందుకుని మోటారును, దీపాలను నడిపే చిన్న బోర్డు) దీపాల అవుట్‌పుట్ ప్రతిదీ నెగటివ్ వైపున పనిచేసే స్విచ్ మాత్రమే. పాజిటివ్ అన్ని దీపాలకూ ఉమ్మడిగా నీలం వైరులో వస్తుంది. అమెరికాలోని మోడల్ రైలు అభిరుచిగల వారి సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ ప్రమాణం ప్రకారం ముందు దీపానికి తెలుపు వైరు, వెనుక దీపానికి పసుపు, అదనపు దీపాలకు ఆకుపచ్చ, ఊదా వైర్లు కేటాయించారు. కనుక ఎల్‌ఈడీ పొడవు కాలు నీలం వైరు వైపు, పొట్టి కాలు రంగు వైరు వైపు ఉండాలి. నీలం వైరు పట్టాలకు గాని, ఇంజను లోహపు చట్రానికి గాని తగిలితే డీకోడర్ పాడవుతుంది. కాబట్టి ప్రతి అతుకుమీదా హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని వైరును పట్టుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడగాలి.

హెచ్‌ఓ స్కేలులో (అసలు రైలులో 87వ వంతు పరిమాణం) పట్టాలపై సుమారు 14 వోల్టులు ఉన్నప్పుడు, డీకోడర్‌లోని డయోడ్ల వద్ద తరుగు పోగా అవుట్‌పుట్ దగ్గర 12 వోల్టులకు కాస్త అటూఇటూగా మిగులుతుంది. తెల్ల ఎల్‌ఈడీ అందులో దాదాపు 3 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 9 వోల్టులను 1 కిలోఓమ్ రెసిస్టర్ భరిస్తే 9 మిల్లీయాంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. నేటి ఎల్‌ఈడీలకు అది తరచూ అవసరానికి మించిన వెలుగే. డ్రైవరు క్యాబిన్ దీపానికి 4.7 కిలోఓమ్‌లు పెడితేనే కంటికి ఇంపుగా ఉంటుంది.

ఒకే అవుట్‌పుట్‌కు అనేక ఎల్‌ఈడీలు కలిపేటప్పుడు చాలామంది వాటన్నిటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెడతారు. అది ఎంతమాత్రం తగదు. ఎరుపు ఎల్‌ఈడీ 2 వోల్టులకే వెలుగుతుంది కనుక, దాని పక్కన తెల్లదానిని సమాంతరంగా కలిపి ఉమ్మడి రెసిస్టర్ పెడితే ఎరుపు ఒక్కటే వెలుగుతుంది, తెల్లది చీకటిగానే ఉండిపోతుంది. ఒకే రంగువాటి మధ్య కూడా చిన్న తేడాలు ఉండడం వల్ల కరెంటు సమానంగా పంచుకోవు. అందుచేత సమాంతరంగా కలిపిన ప్రతి ఎల్‌ఈడీకీ విడిగా రెసిస్టర్ ఉండాలి.

సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా కలిపితే ఒక్క రెసిస్టర్ చాలు, కరెంటూ ఆదా అవుతుంది. రెండు తెల్ల ఎల్‌ఈడీలకు 680 ఓమ్‌లు, మూడింటికి 330 ఓమ్‌లు పెడితే సుమారు 9 మిల్లీయాంపియర్లే వస్తుంది. అయితే మూడింటి గొలుసులో రెసిస్టర్‌కు మిగిలేది 3 వోల్టులే కాబట్టి, పట్టాల వోల్టేజీ ఒక్క వోల్టు మారినా కరెంటు మూడో వంతు మారి వెలుగు తేడా కనిపిస్తుంది. రెండేసి చొప్పున కలపడమే మేలని నా అభిప్రాయం. రైలు పెట్టె లోపలి దీపాలకు ఇలాంటి జంటలను సమాంతరంగా కలుపుకుంటూ పోవచ్చు. నాలుగు జంటలు 36 మిల్లీయాంపియర్లకు మించవు. అవుట్‌పుట్ పరిమితి చాలా డీకోడర్లలో 100 మిల్లీయాంపియర్ల స్థాయిలో ఉన్నా, తయారీదారు పత్రంలోని అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. కొన్ని బోర్డుల మీద రెసిస్టర్లు ముందే ఉంటాయి, మరికొన్ని అవుట్‌పుట్లు లాజిక్ స్థాయివై (బలహీనమైన సంకేతం మాత్రమే ఇచ్చేవి) నేరుగా దీపాన్ని వెలిగించలేవు. ఈ రెండు సంగతులూ అదే పత్రంలో చూడాలి.

డీకోడర్‌కు తగిలించకముందే ప్రతి గొలుసునూ దాని రెసిస్టర్‌తో సహా 9 వోల్టుల బ్యాటరీపై వెలిగించి చూడాలి. మూడింటి గొలుసుకు మాత్రం ఆ బ్యాటరీ చాలదు. తరువాత ఇంజను పైకప్పు బిగించకముందే ప్రోగ్రామింగ్ ట్రాక్‌పై (డీకోడర్ అమరికలు చదవడానికి, మార్చడానికి వాడే విడి పట్టా) పెట్టి డీకోడర్ చిరునామా సంఖ్య చదవగలిగితే, లోపల షార్ట్ లేదని చాలావరకు నిర్ధారించుకుని మెయిన్ పట్టాలపైకి తీసుకెళ్లవచ్చు.